జర్మనీ జీతమా... స్పెయిన్ జీవితమా?

అనంతపురం పల్లెల్లో స్పెయిన్ పేరు విననివాళ్లు తక్కువ. మ్యాపులో ఆ దేశం ఎక్కడుందో చూపించలేని అవ్వ కూడా "ఫాదర్ వాళ్ల దేశం కదప్పా" అంటుంది. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మా జిల్లాకు వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలుపెట్టారు. 2009లో కన్నుమూసేదాకా ఈ నేలనే నమ్ముకున్నారు. బత్తలపల్లి ఆస్పత్రి, ఊళ్లలో ఆర్డీటీ ఇళ్లు, బళ్లు... వీటి వెనక నెలనెలా కొంత డబ్బు పక్కనపెట్టి పంపే మామూలు స్పెయిన్ కుటుంబాలున్నాయి. టెన్నిస్ ఆటగాడు రఫెల్ నడాల్ కూడా తన ఫౌండేషన్ తరఫున 2010లో అనంతపురంలోనే టెన్నిస్ బడి తెరిచాడు.

జర్మనీ మాకు అలా రాలేదు. ఈ పదేళ్లలో కన్సల్టెన్సీ బోర్డుల మీద వచ్చింది. 'ఫీజు లేని ఎమ్మెస్', 'బ్లాక్డ్ అకౌంట్‌కు లోన్ సహాయం' అనే మాటలతో వచ్చింది. ఇంకోపక్క అనంతపురంలోనే ఉన్న ఆర్డీటీ విదేశీ భాషల స్కూల్లో పల్లెటూళ్ల డిగ్రీ పిల్లలు ఇంగ్లిష్‌తో పాటు జర్మన్, స్పానిష్, ఫ్రెంచ్ నేర్చుకుంటున్నారు. వాళ్లలో చాలామందికి మొదటి మజిలీ బెంగళూరు, హైదరాబాద్ కంపెనీలే. అక్కడ కుదురుకున్నాక చూపు యూరప్ వైపు తిరుగుతుంది.

నేను అనంతపురం జేఎన్‌టీయూలో ఇంజినీరింగ్ చదివాను. బెంగళూరులో మూడేళ్లు పనిచేసి, నాలుగేళ్లుగా జర్మనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మధ్యలో ఆర్నెల్లు ప్రాజెక్టు పని మీద స్పెయిన్‌లోని వాలెన్సియాలో ఉన్నాను. అందుకే జూనియర్ల నుంచి వారానికి ఒక్కసారైనా ఈ ప్రశ్న వస్తుంది: "అన్నా, యాడికి పోతే బాగుంటాది?" ఒక్క ముక్కలో జవాబు చెప్పలేని ప్రశ్న ఇది. ఎందుకంటే అడిగేవాళ్లలో సగం మంది ఇంట్లో పొలం కాగితాలు బ్యాంకులో ఉంటాయి. కాబట్టి వివరంగానే మాట్లాడుకుందాం.

పెద్దాయన దగ్గుతున్నాడు, చిన్నాయన పరిగెడుతున్నాడు

జర్మనీ జనాభా ఎనిమిది కోట్ల పైచిలుకు. ఆర్థికంగా ప్రపంచంలో అమెరికా, చైనాల తర్వాత మూడో స్థానం. స్పెయిన్ జనాభా దాదాపు 4 కోట్ల 90 లక్షలు. యూరోపియన్ యూనియన్‌లో జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీల తర్వాత నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ.

ఇది సైజు సంగతి. ఊపు సంగతి చూస్తే కథ తిరగబడుతుంది. జర్మనీ ఆర్థిక వ్యవస్థ 2023లో కుదించుకుపోయింది, 2024లో కూడా అంతే. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా నుంచి చౌకగా వచ్చే గ్యాస్ ఆగిపోయింది. కరెంటు బిల్లులు పెరిగి ఫ్యాక్టరీల ఖర్చు పెరిగింది. ఎలక్ట్రిక్ కార్లలో చైనా ముందుకు దూకింది. ఫోక్స్‌వ్యాగన్ 2024 డిసెంబరులో కార్మిక సంఘంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం 2030 నాటికి జర్మనీలో 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తోంది. ఒకేసారి ఇంటికి పంపడం ఉండదు. రిటైరైనవాళ్ల స్థానాలు నింపరు, స్వచ్ఛందంగా వెళ్లేవాళ్లకు డబ్బులిస్తారు. కొత్తగా తలుపు తట్టేవాడికి మాత్రం ఆ తలుపు మూసుకున్నట్టే.

అదే 2024లో స్పెయిన్ మూడు శాతానికి పైగా పెరిగింది. ఆ ఏడాది దాదాపు 9 కోట్ల 40 లక్షల మంది విదేశీ టూరిస్టులు ఆ దేశానికి వెళ్లారు. దేశ జనాభాకు ఇది రెట్టింపు కంటే కొంచెం తక్కువ. గాలి, ఎండల నుంచి చౌకగా కరెంటు తీయడం, లాటిన్ అమెరికా నుంచి స్పానిష్ మాట్లాడే కార్మికులు రావడం కూడా కలిసొచ్చాయి.

అయితే పెరిగే దేశం, ఉద్యోగం దొరికే దేశం ఒకటే అనుకుంటే పొరపాటు. స్పెయిన్‌లో నిరుద్యోగం పది శాతం చుట్టూ తిరుగుతోంది, జర్మనీలో మూడు నాలుగు శాతమే. 2013లో అయితే స్పెయిన్‌లో ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు, యువతలో సగానికి పైగా ఖాళీగా ఉన్నారు. ఆ రోజుల్లో స్పెయిన్ ఇంజినీర్లు పెట్టె సర్దుకుని వెళ్లిన దేశాల్లో జర్మనీ ముందు వరసలో ఉండేది. మనం అనంతపురం నుంచి బెంగళూరు బస్సెక్కినట్టే!

నెలాఖరుకు చేతిలో మిగిలేదెంత?

జర్మనీలో 2025లో కనీస వేతనం గంటకు 12.82 యూరోలు. వారానికి 40 గంటలు పనిచేస్తే నెలకు సుమారు 2,220 యూరోలు. స్పెయిన్‌లో 2025లో కనీస వేతనం నెలకు 1,184 యూరోలు. కాకపోతే ఏడాదికి 14 జీతాలిస్తారు, సాధారణంగా వేసవిలో ఒకటి, క్రిస్మస్‌కు ఒకటి అదనం. పన్నెండు నెలలకు సర్దితే 1,381 యూరోలు.

ఇప్పుడు మన పిల్లల లెక్క. కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ కుర్రాడికి జర్మనీలో ఏడాదికి 50 వేలు, స్పెయిన్‌లో 28 వేల యూరోలు అనుకుందాం. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. జర్మనీలో పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా అన్నీ పోను నెలకు చేతికి సుమారు 2,700 వస్తాయి. స్పెయిన్‌లో సుమారు 1,800.

షేరింగ్ ఫ్లాట్‌లో గదికి జర్మనీలో 700, స్పెయిన్‌లో 550 వేసుకుందాం. తిండి, బస్సు, ఫోను, బట్టలకు జర్మనీలో 600, స్పెయిన్‌లో 550. మిగిలేది జర్మనీలో 1,400, స్పెయిన్‌లో 700.

ఇంటి దగ్గర 15 లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఉందనుకోండి. పదకొండు శాతం వడ్డీతో ఏడేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ దాదాపు 25,700 రూపాయలు. యూరో వంద రూపాయల లెక్కన 257 యూరోలు. అమ్మానాన్నలకు ఇంకో 200 పంపాలి. ఇవి రెండూ పోతే జర్మనీలో ఉన్నవాడికి 900 పైన మిగులుతుంది. స్పెయిన్‌లో ఉన్నవాడికి 250 కూడా మిగలదు. ఊళ్లో బోరు ఎండిపోయి కొత్తది వేయాల్సి వచ్చినా, ఇంట్లో ఆపరేషన్ పడినా తేడా అప్పుడు తెలుస్తుంది.

ఇవి నేను వేసిన ఉజ్జాయింపు లెక్కలు. మ్యూనిక్‌లో అద్దె ఇంకా ఎక్కువ, తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ లాంటి ఊళ్లలో తక్కువ. సీనియర్లకు స్పెయిన్‌లో కూడా మంచి జీతాలుంటాయి. కానీ మొదటి ఐదేళ్ల బొమ్మ మాత్రం ఇలాగే ఉంటుంది.

ఇల్లు దొరికితే పెళ్లయినంత సంబరం

అద్దె ఇంటి కష్టం రెండు దేశాల్లోనూ ఉంది, రంగులే వేరు.

జర్మనీలో సగానికి పైగా జనం అద్దె ఇళ్లలోనే ఉంటారు. అందుకే అద్దెదారుకు చట్టం గట్టి రక్షణ ఇస్తుంది. కారణం లేకుండా ఖాళీ చేయమనడం కుదరదు. కానీ ఆ ఇల్లు దొరకడమే ఒక పరీక్ష. జీతం స్లిప్పులు, అప్పుల చరిత్ర చూపే 'షూఫా' కాగితం, పాత ఓనరు నుంచి ఉత్తరం... పెళ్లి సంబంధానికి కూడా ఇన్ని అడగరు. తీరా తాళం చేతికొచ్చాక చూస్తే చాలా ఇళ్లలో వంటగదిలో పొయ్యి, సింకు కూడా ఉండవు. పాత అద్దెదారు విప్పుకుని పోతాడు. అక్కడ అదే పద్ధతి.

స్పెయిన్‌లో నూటికి 75 మంది వరకూ సొంతింట్లో ఉంటారు. అద్దెకిచ్చే ఇళ్లు తక్కువ, ఉన్నవాటిలో చాలావాటిని టూరిస్టులకు రోజు లెక్కన ఇస్తే లాభం ఎక్కువ. అందుకే బార్సిలోనా, మాలగా, మాడ్రిడ్‌లలో స్థానికులు 2024లో వీధుల్లోకి వచ్చారు. బార్సిలోనాలో కొందరు టూరిస్టుల మీద నీళ్ల తుపాకులతో నీళ్లు చిమ్మి నిరసన తెలిపారు. 2028 నాటికి టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులన్నీ రద్దు చేస్తామని ఆ నగర పాలకులు ప్రకటించారు.

ఈ ఇళ్ల కరువు వల్ల స్పెయిన్ యువత సగటున ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నారు. జర్మనీలో 24 ఏళ్లకే గూడు వదిలేస్తారు. ఇరవై ఎనిమిదేళ్ల కొడుకు ఇంట్లో ఉంటే మన దగ్గర ఎవరూ వింతగా చూడరు కదా, స్పెయిన్‌లోనూ అంతే. ఆదివారం మధ్యాహ్నం తాత, అవ్వ, మనవళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని మూడు గంటలు తినడం వాలెన్సియాలో నేను చూశాను. మా ఊరు గుర్తొచ్చింది.

ఒకే గడియారం, రెండు రకాల రోజులు

స్పెయిన్‌వాళ్లు బద్ధకస్తులు, మధ్యాహ్నం నిద్రపోతారు, జర్మన్లు గానుగెద్దులు. మనం విన్న మాట ఇదే కదా? అంకెలు వేరే చెబుతున్నాయి. ఓఈసీడీ లెక్కల ప్రకారం జర్మనీలో సగటు ఉద్యోగి ఏడాదికి సుమారు 1,340 గంటలు పనిచేస్తాడు. స్పెయిన్‌లో 1,630 గంటలు. అంటే దాదాపు 290 గంటలు ఎక్కువ! జర్మనీలో పార్ట్‌టైమ్ ఉద్యోగులు ఎక్కువ కావడం ఒక కారణం. పనిగంటల్లో ముచ్చట్లు తక్కువ, అయిదింటికి లాప్‌టాప్ మూసేస్తే మళ్లీ తెరవరు. అది ఇంకో కారణం.

రాత్రి భోజనం స్పెయిన్‌లో తొమ్మిది, పది గంటలకు. జర్మనీలో ఆరున్నరకే రొట్టె, చీజ్ తినేసి ముగిస్తారు. దీని వెనక ఒక తమాషా చరిత్ర ఉంది. భూగోళం మీద స్పెయిన్ లండన్‌కు తిన్నగా కింద ఉంటుంది. అయినా 1940లో నియంత ఫ్రాంకో దేశ గడియారాన్ని గంట ముందుకు జరిపి బెర్లిన్ టైముతో కలిపాడు. యుద్ధం పోయింది, ఫ్రాంకో పోయాడు, గడియారం మాత్రం అలాగే ఉండిపోయింది. వేసవిలో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా అక్కడ వెలుగుంటుంది. మరి తిండి ఆలస్యం కాక ఏమవుతుంది!

జర్మనీలో ఆదివారం షాపులు మూసేస్తారు. శనివారం సాయంత్రం పెరుగు కొనడం మర్చిపోతే సోమవారం దాకా మజ్జిగన్నం లేదు. ఆదివారం డ్రిల్లింగ్ మెషీన్ వాడినా పక్కింటివాళ్లు తలుపు కొడతారు. మొదట్లో ఊపిరాడదు. రెండేళ్లకు ఆ నిశ్శబ్దం అలవాటై, తర్వాత నచ్చుతుంది కూడా.

శీతాకాలమే అసలు పరీక్ష. డిసెంబరులో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది. ఏడాదంతా ఎండలో పెరిగిన మన పిల్లలకు ఆ మూడు నెలలు మనసు మీద రాయి పెట్టినట్టుంటుంది. విటమిన్ డి మాత్రలు వేసుకోని తెలుగువాణ్ని అక్కడ నేనింకా చూడలేదు. స్పెయిన్‌లో, ముఖ్యంగా మధ్యధరా తీరంలో, ఈ బాధ ఉండదు. సాయంత్రమైతే పిల్లాజెల్లా అందరూ వీధిలోనే ఉంటారు.

రైళ్ల విషయంలో కూడా మన నమ్మకాలు మార్చుకోవాలి. 2024లో జర్మనీ దూరప్రయాణ రైళ్లలో సమయానికి వచ్చినవి 62.5 శాతమే. అది కూడా ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా! స్పెయిన్‌లో హైస్పీడ్ రైలు మార్గాలు సుమారు నాలుగు వేల కిలోమీటర్లు. ప్రపంచంలో చైనా తర్వాత అదే పెద్దది. అయితే జర్మనీలో 2025లో నెలకు 58 యూరోలకు ఇచ్చే 'డాయిచ్‌లాండ్ టికెట్' కొంటే దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. జీతం తక్కువున్న విద్యార్థికి ఇది వరం.

జీతం తక్కువ, ఆయుష్షు ఎక్కువ

నన్ను బాగా ఆలోచింపజేసిన అంకె ఇది. స్పెయిన్‌లో సగటు ఆయుష్షు దాదాపు 84 ఏళ్లు. జర్మనీలో 81 చిల్లర. వైద్యం మీద జర్మనీ తన సంపాదనలో పన్నెండు శాతం వరకూ ఖర్చు పెడుతుంది, స్పెయిన్ అంతకన్నా తక్కువే. అయినా స్పెయిన్‌వాళ్లు మూడేళ్లు ఎక్కువ బతుకుతున్నారు.

కారణాలు చాలా చెబుతారు. ఆలివ్ నూనె, చేపలు, పప్పుగింజలు, కూరగాయలు తినడం; రోజూ నడవడం; వయసు పైబడినా నలుగురిలో ఉండడం. స్పెయిన్ వైద్యం పన్నుల డబ్బుతో నడుస్తుంది. ఊరి ఆరోగ్య కేంద్రంలో మీకంటూ ఒక డాక్టరు ఉంటారు. అవయవ దానంలో ఆ దేశం 1992 నుంచి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. జర్మనీలో బీమా పద్ధతి. జీతం నుంచి కోత ఎక్కువే, కానీ ఆస్పత్రిలో పడితే బిల్లు భయం లేదు. స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి ఆగడం మాత్రం రెండు దేశాల్లోనూ మామూలే.

మనకంటే మాడ్రిడ్‌లోనే వాన తక్కువ

మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందుకే కరువు సీమ అంటారు. మరి బెర్లిన్‌లో ఎంత? సుమారు 580. దాదాపు మనంతే! మాడ్రిడ్‌లో 420 మాత్రమే. దక్షిణాన అల్మేరియాలో 200.

బెర్లిన్‌లో ఆ వాన పన్నెండు నెలలూ కొంచెం కొంచెంగా పడుతుంది, ఎండ తక్కువ కాబట్టి నేలలో నిలుస్తుంది. మాకు కొద్ది రోజుల్లోనే దంచి కొట్టి వెళ్లిపోతుంది, ఉన్న తడిని ఎండ తాగేస్తుంది. స్పెయిన్ కష్టం మన కష్టం లాంటిదే. మాడ్రిడ్ ఉన్నది కూడా మనలాంటి ఎండు పీఠభూమి మీదే. మనకు చీనీ తోటలు, దానిమ్మ తోటలు ఉన్నట్టే వాలెన్సియా చుట్టూ నారింజ తోటలుంటాయి. గ్రనాడా అనే ఊరి పేరుకు స్పానిష్‌లో దానిమ్మ అనే అర్థం.

ఆ నేలతో వాళ్లు ఏం చేశారు? అల్మేరియాలో 30 వేల హెక్టార్లకు పైగా ప్లాస్టిక్ పందిళ్లు కట్టి, డ్రిప్పుతో టమోటా, క్యాప్సికం, దోస పండిస్తున్నారు. వాటిని ఎక్కువగా కొనేది జర్మనీయే. జనవరిలో నేను జర్మనీ సూపర్‌మార్కెట్‌లో కొనే టమోటా మీద తరచూ 'స్పెయిన్' అనే ఉంటుంది. హంద్రీ-నీవా మనకు కృష్ణా నీళ్లు తెచ్చినట్టు, 1979 నుంచి టాగస్ నది నీళ్లను దాదాపు 290 కిలోమీటర్ల దూరం సెగూరా నది లోయకు తరలిస్తున్నారు. ఇచ్చే ప్రాంతానికీ పుచ్చుకునే ప్రాంతానికీ మధ్య గొడవలు అక్కడా తప్పలేదు.

దీనికి వాళ్లు కట్టిన వెల కూడా చెప్పాలి. బోర్లు లోతుకు పోయాయి, తీరంలో భూగర్భ జలం ఉప్పగా మారింది. ఆ పందిళ్లలో కూలి చేసేది ఎక్కువగా మొరాకో, ఇతర ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో చాలామంది రేకులు, ప్లాస్టిక్ పట్టాల గుడిసెల్లో ఉంటారు. 2024 ఫిబ్రవరిలో బార్సిలోనా ప్రాంతంలో కరువు ఎమర్జెన్సీ ప్రకటించి మనిషికి రోజుకు 200 లీటర్ల పరిమితి పెట్టారు. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టిన మాకు 200 లీటర్లంటే కరువు అనిపించదు. కానీ చెరువులు అడుగంటితే డబ్బున్న దేశానికీ దిక్కు తోచదని అప్పుడు తెలిసింది.

ఏ భాష నాలుకకు ఎక్కుతుంది?

తెలుగువాళ్లకు స్పానిష్ పలకడం తేలిక. మన మాటల్లాగే చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి. రాసినట్టే చదువుతారు. 'పెరో' అంటే 'కానీ', అదే 'ర'ను గట్టిగా 'ఱ' లాగా పలికితే కుక్క! ఈ తేడా మన చెవికి ఇట్టే అందుతుంది. ఇరవై దేశాల్లో అధికార భాష, దాదాపు యాభై కోట్ల మందికి మాతృభాష.

జర్మన్‌లో ప్రతి వస్తువుకూ లింగం ఉంటుంది, అది గుర్తుపెట్టుకోవడమే తలనొప్పి. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం! అయితే మనకు కలిసొచ్చేది ఒకటుంది. జర్మన్ ఉపవాక్యాల్లో క్రియ చివర వస్తుంది, అచ్చం తెలుగులో లాగే. ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లు తడబడే చోట మనవాళ్లు కాస్త సులువుగా దాటేస్తారు.

భాష లేకుండా రెండు దేశాల్లోనూ బండి నడవదు. ఐటీలో ఇంగ్లిష్‌తో ఉద్యోగం దొరకొచ్చు, కానీ మాంద్యం వస్తే ముందు మిగిలిపోయేది భాష రానివాడే. కనీసం బీ1 స్థాయి జర్మన్ చేతిలో ఉంచుకుని విమానం ఎక్కండి. స్పెయిన్‌లో మాడ్రిడ్, బార్సిలోనా, వాలెన్సియా, మాలగా ఐటీ కంపెనీలు దాటితే ఇంగ్లిష్ పనికొచ్చేది చాలా తక్కువ.

కాగితాల దగ్గర జర్మనీదే పైచేయి

జర్మనీకి మనుషులు కావాలి, ఆ మాట దాచుకోవడం లేదు. 2024 అక్టోబరులో భారతీయులకు ఏటా ఇచ్చే నైపుణ్య వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని ప్రకటించింది. అక్కడి యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థుల్లో భారతీయులే ఇప్పుడు మొదటి స్థానం, 2024-25 శీతాకాలం నాటికి దాదాపు 59 వేల మంది.

చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా కొత్తగా విదేశీయుల నుంచి ఫీజు మొదలుపెట్టింది. ఫీజు లేకపోయినా ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే చూపాలి. అంటే దాదాపు 12 లక్షలు! 'ఫ్రీ చదువు' అనే బోర్డు కింద ఈ అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసుకోండి. స్పెయిన్ విద్యార్థి వీసాకు నెలకు 600 యూరోల లెక్కన చూపితే చాలు. కానీ ఫీజు ఉంటుంది, ప్రైవేటు కాలేజీల్లో బాగానే ఉంటుంది.

ఉద్యోగం వచ్చి జర్మనీ బ్లూ కార్డ్ తీసుకుంటే, బీ1 భాష ఉన్నవాళ్లకు 21 నెలల్లో శాశ్వత నివాసం వస్తుంది. పౌరసత్వానికి 2024 నుంచి ఐదేళ్లు చాలు. స్పెయిన్‌లో శాశ్వత నివాసానికి ఐదేళ్లు, పౌరసత్వానికి మనకు పదేళ్లు. లాటిన్ అమెరికా దేశాలవాళ్లకు, ఫిలిప్పీన్స్‌వాళ్లకు మాత్రం రెండేళ్లే. పాత వలస బంధం అది. ఎక్కడ పౌరసత్వం తీసుకున్నా భారత పాస్‌పోర్టు వదులుకోవాలి, మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు.

తోడు సంగతి కూడా చూసుకోవాలి. జర్మనీలో పెద్ద ఊళ్లన్నిటిలో తెలుగువాళ్లున్నారు, ఉగాది జరుగుతుంది, రాగిపిండి దొరుకుతుంది. స్పెయిన్‌లో భారతీయులంటే ఎక్కువగా పంజాబీలు, కానరీ దీవుల్లో తరతరాలుగా వ్యాపారం చేస్తున్న సింధీలు. పండగ రోజు తెలుగు మాట వినాలంటే వెతుక్కోవాలి.

ఒక్క చూపులో

సగటు ఆయుష్షు: జర్మనీ 81 చిల్లర, స్పెయిన్ దాదాపు 84
కనీస వేతనం (2025, పన్నెండు నెలలకు సర్దితే): జర్మనీ సుమారు 2,220 యూరోలు, స్పెయిన్ 1,381 యూరోలు
ఏడాదికి పనిగంటలు: జర్మనీ సుమారు 1,340, స్పెయిన్ సుమారు 1,630
నిరుద్యోగం: జర్మనీ మూడు నాలుగు శాతం, స్పెయిన్ పది శాతం చుట్టూ
పౌరసత్వం (భారతీయులకు): జర్మనీ ఐదేళ్లు, స్పెయిన్ పదేళ్లు
రాత్రి భోజనం: జర్మనీ ఆరున్నర, స్పెయిన్ తొమ్మిది దాటాకే!

మరి యాడికి పోవాల?

నా అభిప్రాయం చెబుతాను. దేశాన్ని చూసే ముందు ఇంటి వైపు చూసుకోండి. అప్పు ఎంత, దాన్ని ఎన్నాళ్లు మోయగలం, వెనక ఇంకెవరైనా సంపాదించేవాళ్లు ఉన్నారా? ఈ మూడింటికీ జవాబు రాసుకుంటే సగం తేలిపోతుంది.

పొలం తాకట్టు పెట్టి చదువుకు వెళ్లేవాళ్లయితే జర్మనీయే దారి. మిగులు ఎక్కువ, కాగితాలు త్వరగా వస్తాయి, ఉద్యోగం పోయినా నిలబెట్టే బీమా ఉంది. కానీ ఐదేళ్ల కిందటి జర్మనీ ఇప్పుడు లేదు. ఫ్రెషర్లకు ఉద్యోగం దొరకడానికి ఆర్నెల్లు, ఏడాది పడుతోంది. ఈఎంఐ ఎవరు కడతారో ఆ ఏడాదికి కూడా ముందే లెక్క వేసుకోండి. బెంగళూరులో రెండు మూడేళ్లు పనిచేసి, బీ1 దాకా భాష నేర్చుకుని వెళ్తే ఆ ఆర్నెల్లు రెండు నెలలవుతుంది.

అప్పు లేనివాళ్లకు, ఐదారేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు, విదేశీ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే వీలున్నవాళ్లకు స్పెయిన్ మంచి చోటు. 2023లో మొదలైన డిజిటల్ నోమాడ్ వీసా అలాంటివాళ్ల కోసమే. నెలకు కనీస వేతనానికి రెట్టింపు సంపాదన చూపాలి. పిల్లలు వీధిలో ఆడుకోవాలి, ఎండ ఉండాలి, మనుషులు పలకరించాలి అనుకునే కుటుంబానికి అది నచ్చుతుంది.

భాషల స్కూల్లో కూర్చుని ఏది తీసుకోవాలా అని ఆలోచిస్తున్న డిగ్రీ పిల్లలకు ఇంకో మాట. మీకు వెంటనే కావాల్సింది విమానం టికెట్ కాదు, బెంగళూరులో మొదటి జీతం. దానికి రెండు భాషలూ పనికొస్తాయి. దేశం దాటే ఆలోచన గట్టిగా ఉంటే జర్మన్ పట్టండి. లేదంటే మీ నాలుకకు ఏది హాయిగా ఉంటే అది నేర్చుకోండి, ఇష్టమైన భాషే పూర్తిగా వస్తుంది.

వెళ్లే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక కాగితం మీద ఈ లెక్కలు రాసుకోండి. నాన్నకు అర్థమయ్యేలా రూపాయల్లో రాయండి. కన్సల్టెన్సీవాళ్లు ఇచ్చే రంగుల బ్రోచరు కన్నా ఆ కాగితం ఎక్కువ నిజం చెబుతుంది.